వరంగల్, హన్మకొండ చుట్టుపక్కల తాగుడు మానినవారి మీటింగులు: నాకు సరిపడేది ఎలా ఎంచుకోవాలి?

ఎనుమాముల_గుమస్తా

మద్యం ముట్టక నేటికి 23 రోజులు. నా వయసు 41. ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. మిర్చి సీజన్‌లో తెల్లవారకముందే మార్కెట్‌కు చేరాల్సిన ఉద్యోగం కావడంతో చలికి అని మొదలుపెట్టిన క్వార్టరు, పదిహేనేళ్లలో నన్ను ఎక్కడికి తెచ్చిందంటే, పొద్దున చేతులు వణకకుండా పెన్ను పట్టుకోవడానికి కూడా అదే కావాల్సి వచ్చింది. పోయిన నెల తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ గారు, మందులు వాడుతూనే తాగుడు మానినవారి మీటింగులకు వెళ్లమని గట్టిగా చెప్పారు.

హన్మకొండలో గురువారం సాయంత్రం జరిగే ఒక మీటింగ్‌కు వెళ్లాను. తొమ్మిది మంది ఉన్నారు, నాకంటే చిన్నవాడు ఒక్కడూ లేడు. ఒక పెద్దాయన తన కథను 40 నిమిషాలు చెప్పారు. చివర్లో అందరూ లేచి నిలబడి ప్రార్థన చేశారు. ఇవన్నీ ఓర్చుకునేవాణ్నే గానీ, మూలన కూర్చున్న ఒకాయన నాకు తొమ్మిదో తరగతిలో లెక్కలు చెప్పిన సార్. ఆయన నన్ను గుర్తుపట్టారు. చాయ్ పోస్తుండగానే చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను. ఆ తర్వాత ఫోన్‌లో ఒక ఆన్‌లైన్ మీటింగ్‌లో కూర్చుంటే అంతా హిందీ, ఇంగ్లీషు. నా బాధ నాకు తెలుగులోనే వస్తుంది.

దసరా ఇంకా 19 రోజులే ఉంది. మన వైపు దసరా ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. నేను అడిగేది ఒకటే: నాకు సరిపడే మీటింగ్ ఇదని ఎలా గుర్తుపట్టాలి? ఎవరూ తెలియని చోటు కావాలని వారానికోసారి 70 కిలోమీటర్లు ప్రయాణం చేసి కరీంనగర్ వెళ్లడం తెలివైన పనేనా?

ఖాజీపేట_జంక్షన్

ఒక్క మీటింగ్ చూసి తీర్పు చెప్పకండి. నాకు మొదటి రెండూ నచ్చలేదు, మూడో దానిలో ఏడేళ్లుగా కూర్చుంటున్నాను.

పాకాల_గాలి

నేను మానేసి పదకొండేళ్లు దాటింది. మీరు రాసింది రెండుసార్లు చదివాను, ఎందుకంటే నేనూ మొదటిరోజు చాయ్‌కి ముందే వెళ్లిపోయినవాణ్నే.

అన్ని మీటింగులూ ఒకే రకం కావన్న సంగతి కొత్తవారికి ఎవరూ చెప్పరు. ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో, అంటే మనం ఏఏ అనేదానిలో, ఓపెన్ మీటింగ్, క్లోజ్డ్ మీటింగ్ అని రెండు రకాలుంటాయి. ఓపెన్ దానికి ఇంటివారు, స్నేహితులు, తెలుసుకోవాలనుకునే ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ దానిలో తాగుడు మానాలనుకునేవారే కూర్చుంటారు. మళ్లీ ఒకరోజు ఒకే మనిషి తన జీవితం మొత్తం చెప్పే స్పీకర్ మీటింగ్ ఉంటుంది, ఇంకోరోజు ఒక స్టెప్పు, అంటే ఏఏ చెప్పే పన్నెండు మెట్లలో ఒకటి, చదివి ఒక్కొక్కరూ ఐదు నిమిషాల చొప్పున మాట్లాడేది ఉంటుంది. 40 నిమిషాలు ఒకరే మాట్లాడారంటే మీరు బహుశా స్పీకర్ మీటింగ్‌లో కూర్చున్నారు. అదే గ్రూపు మరో రోజు పెట్టే మీటింగ్‌కు వెళ్తే వేరే ఇంట్లోకి వచ్చినట్టు ఉంటుంది.

మాలో పాతవారు కొత్తవారికి చెప్పే మాట ఒకటుంది: ఆరు మీటింగులు చూడకుండా అక్కరలేదని అనవద్దు. ఆ ఆరూ ఒకే గ్రూపువి కానవసరం లేదు. వెళ్లినప్పుడు పావుగంట ముందు వెళ్లండి, అయిపోయాక పావుగంట ఆగండి. మీటింగ్ మధ్యలో వినే మాటలకంటే ఆ రెండు పావుగంటల్లో, కుర్చీలు వేస్తూ, కప్పులు కడుగుతూ జరిగే మాటల్లోనే మీకు సరిపడే మనుషులు ఎవరో తెలుస్తుంది.

సార్ సంగతి తర్వాత రాస్తాను, అది తొందరపడి రాసేది కాదు.

పరకాల_పోరడు

నాకు 29. నేను వెళ్లిన చోట కూడా అందరూ మా బాపు వయసువాళ్లే. వాళ్లు చెప్పేవన్నీ భూములు అమ్ముకోవడం, కాలేయం చెడిపోవడం. నేను అంతవరకూ పోలేదు కదా, నాకు ఇక్కడ ఏం పని అనిపించి ఆరు నెలలు మీటింగ్‌కు వెళ్లడం మానేశాను. ఆ ఆరు నెలల్లో బైక్ మీద పడి కాలర్ ఎముక విరిగింది, పెళ్లి సంబంధం తప్పిపోయింది. మళ్లీ అదే గదికి వెళ్తే వాళ్లు ఏమీ అడగలేదు. వయసు చూసి గ్రూపును ఎంచుకోవద్దని మాత్రం నా అనుభవంతో చెప్పగలను.

కేయూ_పూర్వవిద్యార్థి

ఎనుమాముల గారు ప్రార్థన గురించి ఒక వాక్యంలో చెప్పి వదిలేశారు గానీ, నాకు అదే అసలు అడ్డు అయింది. నేను దేవుణ్ని నమ్మను. పన్నెండు స్టెప్పుల్లో సగం చోట్ల దేవుడో, ఒక పెద్ద శక్తో కనబడుతుంది. నమ్మకం లేనివాడు నమ్మినట్టు నటిస్తూ కూర్చుంటే, మళ్లీ అబద్ధంతోనే మొదలుపెట్టినట్టు కాదా? తాగినన్నాళ్లూ ఆడింది చాలు.

నాకు పనికివచ్చింది స్మార్ట్ రికవరీ. అమెరికాలో 1994లో మొదలైంది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అక్కడ ప్రార్థన లేదు. తాగాలన్న కోరిక పుట్టినప్పుడు ముందు ఏం జరిగింది, మనసులో ఏ మాట నడిచింది, తాగితే ఈ రాత్రికి ఏం వస్తుంది, రేపటికి ఏం పోతుంది అని కాగితం మీద రాసుకుని చూసుకునే పద్ధతి. లెక్కలు రాసే మనిషికి బాగా నప్పుతుందని నా నమ్మకం. లోటు కూడా చెప్పాలి: నేను కూర్చునేది ఇంగ్లీషులో జరుగుతుంది, మీటింగ్ అయ్యాక లాప్‌టాప్ మూస్తే గదిలో నేనొక్కణ్నే మిగులుతాను.

పాకాల_గాలి

కేయూ తమ్ముడు చెప్పినదానితో నాకు గొడవ లేదు, ఒక్క మాట చేర్చాలి. స్టెప్పుల్లో "మేము అర్థం చేసుకున్న విధంగా దేవుడు" అన్న మాట ఉంది, ఆ అర్థం ఎవరికి వారిదే. మా గ్రూపులో ఒక రిటైర్డ్ కార్మిక నాయకుడు తనకు పెద్ద శక్తి అంటే ఆ గదిలో కూర్చున్న మనుషులేనని ఎనిమిదేళ్లుగా చెబుతున్నారు. ప్రార్థన సమయంలో ఆయన ఊరికే నిలబడతారు, ఎవరూ ఏమీ అనరు. ఎవరైనా అంటే అప్పుడు ఆ గ్రూపును అనుమానించండి.

ఖాజీపేట_జంక్షన్

మతం మాట వచ్చింది కనుక చెబుతున్నాను. మా మీటింగ్ ఒక చర్చి ఆవరణలోని గదిలో జరుగుతుంది. నేను మొదట వెళ్లినప్పుడు మా అమ్మ, కొడుకు తాగుడు మానితే మానాడు గానీ మతం మారతాడేమోనని నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ గదికి మేము అద్దె కడతాం. అద్దెకు, చాయ్‌కి, పుస్తకాలకు డబ్బు సభ్యులు డబ్బాలో వేసుకునేదే. బయటివారి చందా తీసుకోకూడదన్నది, ఏఏ గ్రూపులు పాటించే పన్నెండు సంప్రదాయాల్లో ఏడోది. ఎంత వేయాలన్న లెక్క లేదు, జేబులో లేనివారు వేయనక్కరలేదు. ఏ మతానికీ, ఏ పార్టీకీ, ఏ సంస్థకూ సంబంధం లేదు. అమ్మను ఒకసారి ఓపెన్ మీటింగ్‌కు తీసుకువెళ్లాను, ఆ తర్వాత గురువారం వస్తే ఆమెనే నాకు చొక్కా ఇస్త్రీ చేసి పెడుతున్నది.

రాత్రి_డ్యూటీ

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సును, నాకు తాగుడు లేదు, మా తమ్ముడికి ఉండేది. ఈ చర్చ చదివి ఇవాళ్టి నుంచే మానేసి రేపు మీటింగ్‌కు వెళ్దామనుకునేవారు ఉంటారేమోనని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి మతి తప్పి, లేనివి కనబడి, జ్వరంతో ప్రాణం మీదికి వస్తుంది. ఇది పట్టుదల లేక వచ్చేది కాదు, మెదడు మద్యానికి అలవాటుపడి ఉండడం వల్ల వచ్చేది. మందులతో అదుపు చేయవచ్చు కనుక ముందు సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించుకుంటే సరిపోతుందన్న నమ్మకం చాలా ప్రమాదకరం. ఏళ్ల తరబడి తాగినవారి ఒంట్లో బీ1 విటమిన్ అడుగంటి ఉంటుంది, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది.

ఎవరిని అడగాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, వ్యసన విముక్తి కోసం కేంద్రం నడిపే ఉచిత నంబర్. మనసు బాగాలేని రాత్రుల కోసం 14416, టెలీ మానస్, ఉంది. తెలుగులో మాట్లాడతారు.

మీటింగ్ ఎంచుకోవడానికి నా కొలత ఒకటుంది. ఎవరైనా "మీటింగ్‌కు వస్తున్నావు కదా, ఇక డాక్టర్ మాత్రలు పారేయ్" అన్నారంటే, ఆ మనిషి సలహా తీసుకోవద్దు. మా తమ్ముడికి ఒకరు అలా చెప్పారు. మూడు వారాల్లో మళ్లీ వార్డులో చేరాడు.

పాకాల_గాలి

అక్కా, నేను మాత్రలు లేకుండానే మానేశాను, అది కూడా జరిగే పనేనని అనుకునేవాణ్ని.

రాత్రి_డ్యూటీ

మీకు జరిగింది, సంతోషం. మీకు ఫిట్స్ రాలేదు కనుక మీరు ఇక్కడ రాస్తున్నారు. రానివారి మాటే మనకు వినబడుతుందన్నా, వచ్చి పోయినవారు వచ్చి చెప్పరు.

పాకాల_గాలి

ఒప్పుకుంటున్నాను. ఇకమీదట కొత్తవారికి ఆ మాట చెప్పను.

కామారెడ్డి_ఈతవనం

నాది వేరే బాధ. నేను బ్రాందీ, విస్కీ ముట్టలేదు, పన్నెండేళ్లు కల్లు దుకాణంలోనే తాగాను. మా ఇంట్లోవాళ్లు "కల్లుకు కూడా మీటింగా" అని ఆశ్చర్యపోతున్నారు. నన్ను రానిస్తారా?

రాత్రి_డ్యూటీ

తమ్ముడూ, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చెట్టు నుంచి దించిన కల్లు వేరు, మత్తు పొడి కలిపి సీసాల్లో పోసేది వేరు. దానిలో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతున్న సంగతి మన జిల్లాల్లో తెలియనిదేమీ కాదు. తాగినది కల్లేనని మీరు అనుకుంటారు, ఒళ్లు మాత్రం మత్తు మాత్రలకు అలవాటుపడి ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు జనం బారులు తీరింది అందుకే. నిద్ర పట్టకపోవడం, వింతగా ప్రవర్తించడం, ఫిట్స్, అన్నీ చూశాం. డాక్టర్‌కు మద్యం అని కాక, కల్లు అని, రోజుకు ఎన్ని సీసాలో కూడా చెప్పండి.

ఖాజీపేట_జంక్షన్

రానివ్వడం అన్న ప్రశ్నే లేదు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత అన్నది మూడో సంప్రదాయం. ఏ సీసాలో ఏముందని ఎవరూ అడగరు. మా గదిలో గుడుంబా తాగినవారి పక్కనే క్లబ్బులో తాగినవారు కూర్చుంటారు.

మొగిలిపూలు

ఇంతవరకూ తమ తాగుడు గురించి చెప్పుకున్నవారంతా మగవారే, తాగే ఆడవారు ఈ ఊళ్లో లేరన్నట్టుగా. నేను ఉన్నాను. ఉద్యోగం చేస్తున్నాను, ఇద్దరు పిల్లలు, మానేసి 14 నెలలు.

నేను వెళ్లిన మొదటి గదిలో పదిహేడు మంది మగవారు. అందరూ మర్యాదగానే ఉన్నారు, ఒకాయన కుర్చీ తుడిచి ఇచ్చారు. కానీ నా కథలో వాళ్ల ముందు చెప్పలేని భాగాలున్నాయి, ఆ భాగాలు చెప్పకపోతే మిగిలినదంతా పొల్లు. మగవాడు తాగితే పాపం అలవాటు పడ్డాడంటారు, ఆడది తాగితే ఆమె నడతనే తూకం వేస్తారు. అందుకే ఆన్‌లైన్‌లో ఆడవారికే ప్రత్యేకంగా జరిగే మీటింగ్‌లో చేరాను. మాది తెలుగు, హిందీ కలిసిన మీటింగ్, రాత్రి పిల్లలు పడుకున్నాక జరుగుతుంది. అక్కడ దొరికిన స్పాన్సర్, అంటే కొత్తవారికి తోడుగా ఉండి దారి చూపే పాత సభ్యురాలు, వేరే రాష్ట్రంలో ఉంటుంది, ఒక్కసారి కూడా కలుసుకోలేదు, అయినా మా చెల్లెలికి చెప్పనివి ఆమెకు చెప్పాను.

ఆన్‌లైన్ మీటింగులను తక్కువ చేసి మాట్లాడవద్దని కేయూ గారికి మనవి. కొందరికి అదొక్కటే తలుపు. ఇంకో మాట: కొత్తగా వచ్చిన ఆడమనిషికి సాయం చేస్తానంటూ నంబర్ అడిగి, రాత్రిపూట సందేశాలు పంపే మనిషి ఏ గ్రూపులో ఉన్నా, అది తగిన గది కాదు. స్పాన్సర్‌గా ఆడవారికి ఆడవారు, మగవారికి మగవారు ఉండాలన్న ఆనవాయితీ ఊరికే రాలేదు.

కేయూ_పూర్వవిద్యార్థి

మీరన్నది నిజం. నా ఒంటరితనాన్ని పద్ధతి మీదికి నెట్టాను.

బతుకమ్మ_తంగేడు

నేను తాగేవారి భార్యను. మీరంతా మీకు తగిన గది గురించి మాట్లాడుతున్నారు, మాకు తగిన గది కూడా ఉందని చెప్పడానికి వచ్చాను. అల్-అనాన్ అని తాగేవారి కుటుంబాల కోసం 1951లో మొదలైంది. ఏఏ మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకాయన భార్య, ఇంకొక స్త్రీతో కలిసి నిలబెట్టారు. పిల్లలకు అలటీన్ ఉంది.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, ఎవరూ చేయకూడదని. మూడేళ్ల క్రితం ఎవరో చెబితే తాగుడు మాన్పించే మాత్ర, డైసల్ఫిరామ్, ఆయనకు తెలియకుండా పప్పులో కలిపి పెట్టాను. ఆ రాత్రి ఒక దావత్‌లో ఆయన తాగారు. ముఖం ఎర్రబడి, ఊపిరి అందక, వాంతులు చేసుకుంటూ పడిపోతే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. నా మనిషిని నా చేతులతోనే చంపుకునేదాన్ని.

ఆ తర్వాత నేను ఆయన కోసం మీటింగ్ వెతకడం మానేసి నా కోసం వెతుక్కున్నాను. అక్కడే తెలిసింది, సీసాలు వెతకడం, జేబులు తడమడం, దుకాణానికి సెలవని అబద్ధం చెప్పడం ఇవన్నీ నాకూ అలవాటైపోయాయని. ఆయన ఇంకా పూర్తిగా మానలేదు. నేను మాత్రం రాత్రి నిద్రపోతున్నాను.

రాత్రి_డ్యూటీ

అక్కా, మీరు దాచకుండా చెప్పినందుకు దండం. అందరూ గుర్తుంచుకోండి: ఆ మందు డాక్టర్ పర్యవేక్షణలో, రోగికి పూర్తిగా తెలిసి, ఒప్పుకున్నాకే వాడాలి. ఆఖరి మాత్ర వేసుకున్నాక రెండు వారాల వరకూ కూడా మద్యంతో వికటించవచ్చు.

మానేరు_ఒడ్డు

మీటింగ్ వేరు, సెంటర్ వేరు అన్నది ఇక్కడ ఎవరూ చెప్పలేదు. మా అన్న నన్ను మీటింగ్‌కు అని చెప్పి కారెక్కించి, ఊరి బయట ఒక ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్‌లో దింపాడు. పేరు రాయను. 92 రోజులు గేటు బయటికి రాలేదు. డాక్టర్‌ను రెండుసార్లు చూశాను. ఎదురు మాట్లాడినవారిని మంచానికి కట్టేసేవారు. దానిలోనూ ఉదయం, సాయంత్రం "మీటింగ్" అనే పేరుతో కూర్చోబెట్టేవారు, అందువల్ల ఆ మాట వింటేనే నాకు ఒళ్లు జలదరించేది. బయటికి వచ్చిన నాలుగో రోజు తాగాను.

రెండేళ్ల తర్వాత అసలు మీటింగ్‌కు వెళ్లినప్పుడు నేను మొదట చూసింది తలుపు ఎక్కడుందని. తలుపు తీసే ఉంది. పక్కాయన "మధ్యలో వెళ్లాలనిపిస్తే వెళ్లవచ్చు, మళ్లీ రావాలనిపిస్తే రావచ్చు" అన్నారు. అందుకే కూర్చున్నాను. 2017 మానసిక ఆరోగ్య చట్టం కిందికి మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలూ వస్తాయి. అలాంటివారిని చేర్చుకునే చోటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, రోగికి హక్కులున్నాయి. ఇంట్లోవాళ్లు సెంటర్‌లో చేర్చాలనుకుంటే ముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడగండి, డాక్టర్ ఎన్ని గంటలకు వస్తారో అడగండి, కలవడానికి రానిస్తారా అని అడగండి.

పరకాల_పోరడు

మానేరు అన్నా, చదువుతుంటే కడుపులో దేవినట్టయింది. బలవంతంగా మాన్పించడం గురించి మా ఇంట్లోనూ ఒక జ్ఞాపకం ఉంది. 1995లో మద్యనిషేధం వచ్చినప్పుడు మా బాపు మారిపోతాడని అవ్వ కొబ్బరికాయ కొట్టిందట. ఆయన గుడుంబాకు మారాడు. 1997లో నిషేధం ఎత్తేశాక మళ్లీ దుకాణానికి మారాడు. ఆయనకు కూర్చుని మాట్లాడే గది ఒక్కటి దొరికి ఉంటే ఏమయ్యేదో అని నేను మీటింగ్‌లో చాలాసార్లు అనుకుంటాను.

గోదావరిఖని_మూడోషిఫ్ట్

సింగరేణి కార్మికుణ్ని. వారం వారం షిఫ్ట్ మారుతుంది, కనుక "ప్రతి గురువారం సాయంత్రం" అనేది నాకు కుదిరే మాట కాదు. తొంభై రోజుల్లో తొంభై మీటింగులు చేయమని పుస్తకాల్లో, పెద్ద ఊళ్లలో చెబుతారు. ఇక్కడ అన్ని మీటింగులు ఎక్కడివి?

మేం చేసింది చెబుతాను. మా గనిలోనే మానాలనుకునేవారు ఇంకో ఇద్దరు దొరికారు. నైట్ షిఫ్ట్ దిగాక క్వార్టర్‌లో ముగ్గురం కూర్చుంటాం, ఒక పేజీ చదువుకుంటాం, ఒక్కొక్కరం మాట్లాడుకుంటాం, ఇడ్లీ తిని పడుకుంటాం. వేరే సంస్థతో ముడిపెట్టుకోకుండా ఉంటే ఇద్దరు ముగ్గురు కూడినా ఏఏ గ్రూపు అనిపించుకోవచ్చు. అసలు ఇది మొదలైందే అలా. 1935లో అమెరికాలోని యాక్రన్ అనే ఊళ్లో, వ్యాపారం చెడి తాగాలనిపించిన బిల్ విల్సన్, తనలాంటి ఇంకో తాగుబోతుతో మాట్లాడితే తప్ప ఆ రాత్రి గట్టెక్కలేనని ఫోన్లు చేసి వెతికాడు. దొరికిన డాక్టర్ బాబ్ పదిహేను నిమిషాలే ఉంటానని వచ్చి గంటల తరబడి కూర్చున్నాడు. ఆయన ఆఖరిసారి తాగిన జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కపెడతారు.

కనుక ఎనుమాముల అన్నా, మీకు సరిపడే మీటింగ్ లేకపోతే మీరే పెట్టుకోండి.

ఖాజీపేట_జంక్షన్

ఇక్కడ మాత్రం ఒప్పుకోను. 23 రోజుల మనిషి, ఊళ్లో గదులు ఉండగా, తన సొంత గది కట్టుకోవడం తప్పించుకోవడమే అవుతుంది. మీ ముగ్గురిలో ఒకరికైనా ముందు నుంచీ అనుభవం ఉందా?

గోదావరిఖని_మూడోషిఫ్ట్

ఉంది, ఒకాయనకు ఆరేళ్లు. అది రాయడం మరచిపోయాను, అదే ముఖ్యం. ఆయన లేకుండా మొదట ప్రయత్నించినప్పుడు రెండో వారానికే ముగ్గురం కలిసి తాగాం. నెలకోసారి కరీంనగర్‌లో పెద్ద మీటింగ్‌కూ వెళ్తాం. మీరు ఆపింది మంచిదైంది.

పాకాల_గాలి

ఇప్పుడు సార్ సంగతి.

మీరు ఆయనను చూసి భయపడ్డారు. ఆయన మిమ్మల్ని చూసి భయపడి ఉంటారని ఒక్కసారి ఆలోచించండి. రేపు మార్కెట్లో పది మందికి ఆయన సంగతి చెప్పగలిగిన పాత విద్యార్థి తలుపు తోసుకుని వచ్చాడు, చాయ్ తాగకుండా వెళ్లిపోయాడు. ఆయన ఆ రాత్రి ఎలా గడిపారో మనకు తెలియదు. ఆ గదిలో కూర్చున్న ప్రతివారి రహస్యం పక్కవారి చేతిలో ఉంటుంది, అందుకే అది దాగుతుంది. పదకొండేళ్లలో నా పేరు బయటికి వచ్చింది ఒకేసారి, అది కూడా నేను తాగి పడిపోయిన రోజుల నుంచి నన్ను ఎరిగిన ఒక బంధువు నోటి నుంచి. మీటింగ్ నుంచి కాదు. నిజానికి తాగిన రోజుల్లో మన సంగతి ఊరంతటికీ తెలుసు. మానుతున్న సంగతి దాచాలని ఎందుకంత ఆరాటపడతామో నాకూ చాలాకాలం అర్థం కాలేదు.

కరీంనగర్ వెళ్లవచ్చు, తప్పు లేదు. మొదటి నెలల్లో అలా వెళ్లి నిలబడినవారు నాకు తెలుసు. కానీ తాగాలనిపించేది సోమవారం రాత్రి తొమ్మిదింటికి, మీ ఇంటి సందు మలుపులో, బెల్టు షాపు లైటు వెలుగుతున్నప్పుడు. అప్పుడు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషికంటే స్కూటర్ మీద పది నిమిషాల్లో వచ్చే మనిషి అవసరం. దూరపు మీటింగ్‌ను అదనంగా పెట్టుకోండి, దగ్గరిదాన్ని వదలకండి.

నేను గదిని ఒక్క ప్రశ్నతో చూస్తాను: ఈ వారం నేను తాగితే, వచ్చే వారం ఇక్కడికి వచ్చి ఆ మాట చెప్పగలనా? చెప్పగలననిపించిన చోటే కూర్చున్నాను.

మొగిలిపూలు

ఆ ప్రశ్నను రాసి పెట్టుకుంటున్నాను.

కామారెడ్డి_ఈతవనం

డాక్టర్ దగ్గరికి వెళ్లి వచ్చాను. ఒక్కసారిగా ఆపవద్దని, మందులు ఇచ్చి మెల్లగా తగ్గిస్తామని, వారం రోజులు వార్డులో ఉండమని చెప్పారు. రేపు చేరుతున్నాను. నర్సు అక్కకు నమస్కారం.

ఎనుమాముల_గుమస్తా

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. అందరివీ చదివాను, కొన్ని మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. ఆమె తంగేడు అక్క రాసినదాని దగ్గర ఆపి, మళ్లీ చదవమంది. అల్-అనాన్ గురించి కనుక్కుంటున్నాం.

మొత్తం నాలుగు మీటింగులు చూశాను. ఒకటి ఖాజీపేటలో, బాగుంది గానీ నాకు సమయం కుదరదు. ఒకటి కరీంనగర్‌లో, అక్కడ ఎవరికీ తెలియని మనిషిగా చాలా బాగా మాట్లాడాను. తిరిగి వచ్చే బస్సులో, నేను చెప్పినదానిలో సగం అందంగా అల్లినదేనని నాకే తెలిసింది. ఒకటి ఆన్‌లైన్‌లో తెలుగులో జరిగేది, అది ఆదివారాలకు ఉంచుకుంటున్నాను.

నాలుగోది హన్మకొండలో మొదటి గదే. పాకాల అన్న చెప్పినట్టు పావుగంట ముందు వెళ్లాను. సార్ ఒక్కరే ఉన్నారు, కుర్చీలు వేస్తున్నారు. ఏమనాలో తెలియక నేనూ వేయడం మొదలుపెట్టాను. ఆయన నా పేరు పిలవలేదు, బడి మాట ఎత్తలేదు. చాలాసేపటికి, "నువ్వు వెళ్లిపోయిన రోజు నేనూ ఇక రాకూడదనుకున్నాను. వచ్చే గురువారం రాకపోతే తాగేవాణ్ని, అందుకే వచ్చాను" అన్నారు. ఆయన మానేసి తొమ్మిదేళ్లట. మాకు లెక్కలు చెప్పిన రోజుల్లో బల్ల సొరుగులో సీసా ఉండేదట. మేమెవరం కనిపెట్టలేదు.

ఆ రోజు నా వంతు వచ్చినప్పుడు మూడు నిమిషాలు మాట్లాడాను. పేరు చెప్పాను, రోజులు చెప్పాను, దుకాణం గల్లాలోంచి రెండుసార్లు డబ్బు తీసిన సంగతి చెప్పాను. అది కరీంనగర్‌లో చెప్పలేదు.

ఇవాళ్టికి 35 రోజులు. దసరాకు వారమే ఉంది. జమ్మి కొట్టి వచ్చాక మా బావమరుదులు మేడ మీద కూర్చుంటారు, ప్రతి ఏడూ నేనే గ్లాసులు సర్దేవాణ్ని. ఆ సాయంత్రం నేను ఎక్కడ ఉండాలో ఎవరైనా చెప్పండి.

మానేరు_ఒడ్డు

మేడ ఎక్కవద్దు. జమ్మి ఆకు పెద్దవాళ్ల చేతిలో పెట్టి, దండం పెట్టి, అక్కడి నుంచి అటే కదలండి. ఇంటికి వెళ్లాక కదలడం కష్టం.

బతుకమ్మ_తంగేడు

మీ ఆవిడకు ముందే చెప్పండి, మీరు ఎందుకు వెళ్తున్నారని చుట్టాలు అడిగితే ఆమె చెప్పుకోవాల్సి వస్తుంది.

ఖాజీపేట_జంక్షన్

దసరా రోజు మేం పొద్దున ఏడింటికి ఒక మీటింగ్, సాయంత్రం జమ్మి అయ్యాక ఇంకో మీటింగ్ పెడుతున్నాం. రెండో దానికి ముగింపు సమయం లేదు, ఆఖరి మనిషి వెళ్లేదాకా తలుపు తీసే ఉంటుంది. చాయ్, మిర్చి బజ్జీలు మా ఇంటివి, అమ్మ చేస్తున్నది. మీ ఇంటి దగ్గర ఎవరో ఒకరు వచ్చి ఎక్కించుకుంటారు, ఏ చౌరస్తా దగ్గర నిలబడతారో వ్యక్తిగత సందేశంలో చెప్పండి.

ఎనుమాముల_గుమస్తా

పంపాను. సార్ కూడా నాతో వస్తానన్నారు, ఇద్దరికి చోటు ఉంచండి.